వంద గంటల ఎస్టర్, చెప్పని ఒక్క వాక్యం: టాక్సాల్ పేటెంట్ కేసు

ఇంటర్ సెకండియర్ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చేసిన ఎవరికైనా ఎస్టర్ గుర్తుండేది వాసనతోనే. పరీక్షనాళికలో కాస్త ఎసిటిక్ ఆమ్లం, కాస్త ఇథనాల్, రెండు చుక్కల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి వేడినీళ్లలో పెడితే కాసేపటికి పండ్ల వాసన వచ్చేది. రికార్డులో ‘ఫలముల వాసన’ అని రాసి మేడమ్ చేత సంతకం పెట్టించుకునేవాళ్లం. ఆమ్లం, ఆల్కహాల్ కలిస్తే ఎస్టర్, నీళ్లు. చర్య అంతే. ఇంత మామూలు చర్య కోసం రెండు పెద్ద మందుల కంపెనీలు అమెరికా కోర్టుల్లో 1995 నుంచి 2003 దాకా కొట్లాడుకున్నాయంటే నమ్మబుద్ధి కాదు.

నేను జీడిమెట్లలో ఒక బల్క్ డ్రగ్ యూనిట్‌లో ఆరేళ్లు ప్రాసెస్ కెమిస్టుగా రియాక్టర్ల మధ్య తిరిగి, తర్వాత పేటెంట్ ఏజెంట్ పరీక్ష రాసి ఇటువైపు వచ్చినవాణ్ణి. ప్రాసెస్ పేటెంట్ (మందు మీద కాదు, దాన్ని తయారుచేసే పద్ధతి మీద హక్కు) రాయించుకోవడానికి కొత్తగా వచ్చే కంపెనీలకు కాఫీ వచ్చేలోపు నేను చెప్పే కేసు ఇది: బ్రిస్టల్-మైయర్స్ స్క్విబ్ వర్సెస్ రోన్-పూలెంక్ రోరర్. టాక్సాల్ అనే క్యాన్సర్ మందును సగం ఆకు నుంచి తెచ్చి, మిగతా సగం ఫ్లాస్కులో పూర్తిచేసే పద్ధతి మీద తగువు. ఆ పూర్తిచేసే మెట్టు ఒకే ఒక్క ఎస్టర్ బంధం.

మొండి హైడ్రాక్సిల్

టాక్సాల్ మొదట దొరికింది పసిఫిక్ యూ అనే చెట్టు బెరడులో. 1971లో మన్రో వాల్, మన్సుఖ్ వాని బృందం దాని నిర్మాణాన్ని ప్రచురించింది. వాని మహారాష్ట్రలోని నందుర్బార్‌లో పుట్టినవాడు. ఈ సంగతి చెబితే మా కుర్ర కెమిస్టుల ముఖాలు కాస్త వెలుగుతాయి. 1992 డిసెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ అండాశయ క్యాన్సర్‌కు ఈ మందును అనుమతించింది. చిక్కంతా సరుకు దగ్గరే. నూరేళ్లు పెరిగిన చెట్టు బెరడంతా ఒలిచినా వచ్చేది దాదాపు ఒక డోసు మందు. పైగా బెరడు ఒలిచాక చెట్టు బతకదు.

ఫ్రాన్స్‌లోని గిఫ్-సుర్-ఇవెట్‌లో పియర్ పోటియే బృందం దీనికి వేరే దారి చూపింది. యూరప్‌లో పెరిగే యూ చెట్టు ఆకుల్లో 10-డీఎసిటైల్‌బకాటిన్ అనే పదార్థం ఉంటుంది. పరిశ్రమలో 10-డీఏబీ అంటాం. కిలో పచ్చి ఆకుకు గ్రాము దాకా వస్తుంది. కరివేపాకు రెమ్మలు తుంచుకున్నట్టు ఆకు కోసుకోవచ్చు. చెట్టు మళ్లీ చిగురిస్తుంది. టాక్సాల్ అణువులోని కష్టమైన వలయాలన్నీ 10-డీఏబీలో సిద్ధంగా ఉన్నాయి. లేనివి రెండే: 10వ కార్బన్ మీద ఒక ఎసిటైల్ గ్రూపు, 13వ కార్బన్ మీద ఒక పక్క గొలుసు. ఎసిటైల్ తగిలించడం పెద్ద పని కాదు. కథంతా పక్క గొలుసుది. 13వ కార్బన్ మీద హైడ్రాక్సిల్ (ఆల్కహాల్‌లో ఉండే ఓహెచ్ గ్రూపు) ఉంది, గొలుసు చివర కార్బాక్సిలిక్ ఆమ్లం ఉంది. రెండూ కలిస్తే టాక్సాల్. కాగితం మీద చూస్తే ఇంటర్ చర్యే.

ఫ్లాస్కులో మాత్రం కాదు. ఈ అణువు బోర్లించిన గిన్నెలా ఉంటుంది. మనకు కావలసిన హైడ్రాక్సిల్ ఆ గిన్నె లోపలి వైపు దాక్కుని, పక్కనే ఉన్న 4వ కార్బన్ ఎసిటేట్‌తో హైడ్రోజన్ బంధం పెట్టుకుని కూర్చుంటుంది. బయట 7వ కార్బన్ మీదున్న హైడ్రాక్సిల్‌కు అలాంటి బిడియమేమీ లేదు. ఏ రీఏజెంట్ వచ్చినా ముందు అదే అందుకుంటుంది. కాబట్టి దాన్ని ముందుగా కప్పేయాలి. గోడకు రంగు వేసేటప్పుడు స్విచ్ బోర్డు మీద టేపు అంటించి, పని అయ్యాక పీకేస్తాం కదా, కెమిస్ట్రీలో ఆ టేపును ప్రొటెక్టింగ్ గ్రూప్ అంటారు. పక్క గొలుసు ఆమ్లంలో కూడా ఒక హైడ్రాక్సిల్ ఉంది. దానికీ ఒక టేపు కావాలి. టేపు మరీ లావైతే గిన్నెలోకి గొలుసు దూరదు. మరీ బలహీనమైతే చర్య మధ్యలోనే ఊడిపోతుంది. మరీ గట్టిదైతే చివర్లో పీకేటప్పుడు మందు కూడా పాడవుతుంది.

గ్రెనోబుల్‌లో ఆండ్రూ గ్రీన్, జీన్-నోయెల్ డెనిస్, గిఫ్‌లో డేనియల్ గెనార్, ఫ్రాంస్వాజ్ గెరిట్-వోగలీన్ కలిసి దీన్ని సాధించారు. 7వ స్థానానికి ట్రైఇథైల్‌సిలైల్, గొలుసు మీద 1-ఇథాక్సీఇథైల్. ఆమ్లాన్ని చురుకు చేయడానికి డై-2-పిరిడైల్ కార్బొనేట్, తోడుగా డీఎంఏపీ అనే క్షారం, ద్రావణి టోలీన్. 73 డిగ్రీల దగ్గర 100 గంటలు. ఆ పైన ఇథనాల్‌లో అర శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో సున్నా డిగ్రీల దగ్గర 30 గంటలు ఉంచి టేపులు రెండూ ఊడదీశారు.

ప్లాంట్‌లో పనిచేసినవాడికి ఆ 100 గంటలు చదవగానే గుండె గుభేలుమంటుంది. నాలుగు రోజులకు పైగా ఒకే రియాక్టర్, మూడు షిఫ్టుల మనుషులు, ఆవిరి ఖర్చు. ఈల్డ్ (దక్కిన సరుకు) 80 శాతం అని రాశారు గానీ అది మారిన పదార్థం మీద వేసిన లెక్క. సగం పదార్థం మారకుండా అలాగే మిగిలింది. ఆమ్లం కూడా ఆరు రెట్లు వేయాల్సి వచ్చింది. ఇవన్నీ తప్పులని చెప్పడం లేదు. ఎంత ఇరుకు సందులోంచి బయటపడ్డారో చెప్పడానికే ఈ అంకెలు. కేసంతా ఆ ఇరుకుతనం గురించే.

రెండు కాగితాలు

1988 ఏప్రిల్‌లో ఫ్రెంచ్ కంపెనీ రోన్-పూలెంక్ ఈ పద్ధతి మీద పేటెంట్ కోసం ఫ్రాన్స్‌లో దరఖాస్తు వేసింది. అదే ఏడాది ఆగస్టులో ఈ పని అమెరికన్ కెమికల్ సొసైటీ జర్నల్‌లో అచ్చయింది. 1989 ఏప్రిల్‌లో, ఫ్రాన్స్‌లో వేసిన తేదీనే తమ తేదీగా చూపి, అమెరికాలో దరఖాస్తు పడింది. 1990 మేలో 4,924,011 నంబరుతో పేటెంట్ వచ్చింది. తర్వాత కంపెనీ దాన్ని సరిదిద్దించుకుని 1993లో ఆర్‌ఈ 34,277 నంబరుతో రీఇష్యూ తీసుకుంది. తేదీల వరకు అంతా పద్ధతిగానే ఉంది. దరఖాస్తు ముందు, వ్యాసం తర్వాత. మన విశ్వవిద్యాలయాల్లో చాలామంది ఈ వరుస తలకిందులు చేసి, జర్నల్‌లో వేశాక మా దగ్గరికొస్తారు. మన చట్టంలో 31వ సెక్షన్ ఇచ్చే మినహాయింపు చాలా ఇరుకు; మామూలు జర్నల్ వ్యాసానికి అది ఆదుకోదు. రోన్-పూలెంక్ ఆ తప్పు చేయలేదు.

చేసిన తప్పు వేరు. పేటెంట్ క్లెయిమ్, అంటే ఏది తమ హక్కో చెప్పే వాక్యం, చదివితే ఏం తెలుస్తుంది? ఒక హైడ్రాక్సీ ప్రొటెక్టింగ్ గ్రూప్ ఉన్న పక్క గొలుసు ఆమ్లాన్ని, మరో హైడ్రాక్సీ ప్రొటెక్టింగ్ గ్రూప్ ఉన్న టాక్సేన్‌తో (10-డీఏబీ లాంటి వలయాల అణువుతో) కలపాలి, తర్వాత ఆ గ్రూపులు తీసేయాలి. ఏ గ్రూప్? ఏదైనా సరే. ఆ గ్రూపుల పేర్ల బదులు ఆర్1, ఆర్2 అని విశాలంగా రాశారు.

అదే మనుషుల పేర్లతో వచ్చిన జర్నల్ వ్యాసం చదివితే స్వరం మారిపోతుంది. ఈ ఎస్టరిఫికేషన్ మొండికేసిందనీ, చాలా తంటాలు పడ్డాక కొన్ని నిర్దిష్టమైన ప్రొటెక్టింగ్ గ్రూపులతో, ప్రత్యేక పరిస్థితుల్లో మాత్రమే సాధ్యమైందనీ అందులో ఉంది. క్లెయిమ్ పరిధిలోకి వచ్చే కొన్ని గ్రూపులు పనిచేయలేదన్న సంగతి కూడా అందులోనే ఉంది.

తోటి శాస్త్రవేత్తలకు రాసేటప్పుడు ‘ఎంత కష్టపడ్డామో చూడండి’ అన్నారు. పేటెంట్ ఆఫీసుకు రాసేటప్పుడు ‘ఎవరైనా చేసుకోవచ్చు, అంతా మాదే’ అన్నారు. ఈ రెండు గొంతులు నాకు రోజూ వినిపిస్తాయి. ఆర్ అండ్ డి గదిలో చీఫ్ కెమిస్టు ‘సార్, ఇది చచ్చేలా పనిచేయించాం’ అంటాడు. పది నిమిషాల తర్వాత కాన్ఫరెన్స్ రూములో వాళ్ల ఎండీ ‘ఏ గ్రూప్ పెట్టినా కవరయ్యేలా రాయండి’ అంటాడు. ఇద్దరూ నిజాయితీగానే మాట్లాడుతున్నారు.

రోన్-పూలెంక్ పేటెంట్ విభాగంలో ఈ దరఖాస్తు చూసిన వ్యక్తికి ఆ వ్యాసం సంగతి తెలుసు. అమెరికా పేటెంట్ ఎగ్జామినర్ ముందుకు మాత్రం అది వెళ్లలేదు.

కోర్టులో

1995లో బ్రిస్టల్-మైయర్స్ న్యూయార్క్ దక్షిణ జిల్లా కోర్టుకు వెళ్లింది. అప్పటికి టాక్సాల్ అన్న పేరే ఆ కంపెనీ ట్రేడ్‌మార్కు. మందు జెనరిక్ పేరు పాక్లిటాక్సెల్‌గా మారింది. ఎదుటివైపు నుంచి పేటెంట్ ఉల్లంఘన ఆరోపణ. బ్రిస్టల్-మైయర్స్ వాదనల్లో చివరికి గురి తప్పనిది ఒకటే: ఈ పేటెంట్ తెచ్చుకున్న తీరులోనే దాపరికం ఉంది.

అమెరికాలో పేటెంట్ అడిగేవాళ్లకు ఎగ్జామినర్ దగ్గర ముఖ్యమైన విషయం దాచకూడదన్న బాధ్యత ఉంటుంది. ముఖ్యమైనది దాచారని, అది కావాలని చేశారని తేలితే పేటెంట్ మొత్తం అమలుకు పనికిరాకుండా పోతుంది. ఒక్క క్లెయిమ్ కాదు, మొత్తం పోతుంది. ఉల్లంఘన జరిగిందా లేదా అన్నది ఆ తర్వాత ఎవరికీ అక్కర్లేదు. ఆ రోజుల్లో అమెరికా వకీళ్లు దీన్ని బ్రహ్మాస్త్రంలా వాడేవాళ్లు. ప్రతి కేసులోనూ ఈ ఆరోపణ తగిలించేవాళ్లు కూడా. కాబట్టి ఇది నిలబడ్డ కేసులు జాగ్రత్తగా చదవాలి.

రోన్-పూలెంక్ మొదటి జవాబు వినడానికి బలంగా ఉంటుంది: ఆ వ్యాసం మా దరఖాస్తు తర్వాత వచ్చింది, అది ప్రయర్ ఆర్ట్ (దరఖాస్తుకు ముందే లోకానికి తెలిసిన విషయం) కాదు, ప్రయర్ ఆర్ట్ కానిది ఎగ్జామినర్‌కు ఇవ్వాల్సిన పనేముంది? నాకు తెలిసిన పేటెంట్ వాళ్లలో సగం మంది ఈ రోజుకీ ఇదే అంటారు. కోర్టు ఒప్పుకోలేదు. పాత విషయమా కాదా అన్నది ఒక పరీక్ష మాత్రమే. రాసినదాన్ని చదివి ఆ రంగంలోని మనిషి మొత్తం క్లెయిమ్ పరిధిలో పని చేయించగలడా అన్నది ఇంకో పరీక్ష. ‘కొన్ని గ్రూపులతోనే అవుతుంది’ అన్న వాక్యం నేరుగా ఆ రెండో పరీక్షకు సంబంధించినది. ఏ గ్రూప్ అయినా సరే అన్న క్లెయిమ్‌ను చూస్తున్న ఎగ్జామినర్ ఆ వాక్యం చదివి ఉంటే తప్పకుండా ఆగేవాడు.

సద్భావంతోనే వదిలేశామన్న రెండో వాదనా నిలవలేదు. వ్యాసం సంగతి తెలుసు, అందులోని మాట క్లెయిమ్‌కు ఎదురుగా నిలబడుతుందని గ్రహించగల చదువు ఉంది, అయినా ఇవ్వలేదు. దీన్నిబట్టి ఉద్దేశం ఊహించవచ్చంది కోర్టు. 2001లో జిల్లా కోర్టు రెండు పేటెంట్లూ అమలుకు పనికిరావని తేల్చింది. 2003 ఏప్రిల్‌లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు దాన్ని ఖాయం చేసింది.

ఈ కేసులో ఇంకో మలుపు ఉంది. తీర్పుల గురించి రాసేవాళ్లు దాన్ని పెద్దగా పట్టించుకోరు గానీ మా వృత్తి వాళ్లకు చెమటలు పట్టిస్తుంది. 1999లో ఆ జిల్లా కోర్టు ముందు కాగితాల తగువు వచ్చింది. ఫ్రెంచ్ కంపెనీ లోపలి పేటెంట్ విభాగం రాసుకున్న నోట్సు, ఉత్తరాలు ఎదుటివాళ్లకు చూపించాలా? వకీలుకూ క్లయింటుకూ మధ్య మాటలకు ఉండే రక్షణ వీటికి ఉందా? ఫ్రెంచ్ చట్టం ఆ ఉద్యోగులకు అలాంటి రక్షణ ఇవ్వదు కాబట్టి ఇక్కడా లేదు అన్నది కోర్టు మాట. ఇప్పుడు మన వైపు చూడండి. మన సాక్ష్య చట్టం ఆ రక్షణ ఇచ్చేది వకీళ్లకు. పాత చట్టం పోయి 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చినా వకీలు కాని పేటెంట్ ఏజెంట్ పేరు అందులో కనిపించదు. నేను వకీలును కాను. అందుకే ‘ఈ ఫెయిలైన డేటా పక్కన పెడదామా?’ అని ఎవరైనా మెయిల్ పెడితే నేను జవాబు రాయను, ఫోనూ చేయను. బండి తీసుకుని వాళ్ల ప్లాంటుకు వెళ్లి, పక్కన పెట్టొద్దు, స్పెసిఫికేషన్‌లో (దరఖాస్తులోని వివరణ భాగంలో) వేద్దాం అని చెప్పి వస్తాను. ఆ తర్వాత ఆ డేటా ఉన్న డ్రాఫ్టే పంపుతాను.

డ్రాఫ్టు రాసినవాడి వైపు నుంచి

ఈ తీర్పు చదివిన ప్రతిసారీ ఆ ఫ్రెంచ్ పేటెంట్ ఉద్యోగి మీద నాకు కాస్త జాలి కలుగుతుంది. ట్రైఇథైల్‌సిలైల్, 1-ఇథాక్సీఇథైల్ అని మాత్రమే రాస్తే ఏమవుతుంది? పోటీ కంపెనీ మరో సిలైల్ గ్రూప్ పెట్టి, క్లెయిమ్ బయట నిలబడి, అదే టాక్సాల్ అమ్ముతుంది. ప్రొటెక్టింగ్ గ్రూపుల పుస్తకం తెరిస్తే వందల టేపులున్నాయి. ప్రాసెస్ పేటెంట్‌లో విశాలంగా అడగకపోతే రాసిన వాడి చేతగానితనం అంటారు. నేనూ అలాగే అడుగుతాను.

అడగడం నేరం కాదు. నా దృష్టిలో అతను తప్పినది ఒక్క చోటే. మొదటి క్లెయిమ్ ఎంత వెడల్పుగా ఉన్నా సరే, కింద మెట్లు మెట్లుగా ఇరుకు చేసుకుంటూ వచ్చి, చివరి మెట్టులో తాము చేసి చూసినది మాత్రమే పెట్టి, స్పెసిఫికేషన్ లోపల ‘ఈ ఈ గ్రూపులు ఈ పరిస్థితుల్లో పనిచేయలేదు’ అని ఒక చిన్న పట్టిక వేసి ఉంటే? పై క్లెయిమ్ పోయినా కింది క్లెయిమ్ బతికేది. దాపరికం అన్న మాటకే చోటు ఉండేది కాదు. 100 గంటల చర్యకు హక్కు అయినా మిగిలేది.

ఈ కేసు ఇప్పుడు వస్తే ఏమవుతుంది? 2011 మేలో థెరాసెన్స్ కేసులో ఫెడరల్ సర్క్యూట్ ఈ బ్రహ్మాస్త్రానికి పగ్గాలు వేసింది. దాచిన సంగతి తెలిసి ఉంటే ఆ క్లెయిమ్ ఇచ్చేవాళ్లే కాదని చూపాలి. మోసగించే ఉద్దేశాన్ని స్పష్టంగా నిరూపించాలి. మొదటిది ఈ కేసులో నిలుస్తుందనే నా నమ్మకం. ఉద్దేశం సంగతే అనుమానం. అలాగని రోన్-పూలెంక్ గెలిచేదనుకోను. 2023లో ఆమ్‌జెన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఎంత ఎక్కువ అడిగితే అంత ఎక్కువ చేసి చూపాలని తేల్చేసింది. దాపరికం మీద తప్పించుకున్నా ఆ వెడల్పు క్లెయిమ్ ఈ గోతిలో పడేది.

మరో చివర నుంచి వచ్చినవాడు

మార్కెట్ ఈ ఎస్టర్ చర్యను ఎలా దాటిపోయిందో చెప్పకపోతే కేసు సగమే అర్థమవుతుంది. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో రాబర్ట్ హోల్టన్ అదే బంధాన్ని తిరగేసి చూశాడు. ఆమ్లాన్ని చురుకు చేసి మొండి హైడ్రాక్సిల్ మీదకు తోయడమెందుకు? హైడ్రాక్సిల్‌నే లోహపు ఆల్కాక్సైడుగా మార్చి రెచ్చగొట్టి, ఎదురుగా ఆమ్లానికి బదులు బీటా-లాక్టమ్ పెట్టాడు. ఆ నాలుగు మూలల వలయం బిగబట్టిన విల్లులాంటిది. తగలగానే విచ్చుకుని పక్క గొలుసుగా మారి ఎస్టర్ అవుతుంది. రోజుల పని గంటల్లోకి వచ్చింది. బ్రిస్టల్-మైయర్స్ ఈ పద్ధతికి లైసెన్సు తీసుకుంది. దాని మీద యూనివర్సిటీకి వచ్చిన రాయల్టీ 35 కోట్ల డాలర్లు దాటింది. బంధం ఒకటే, అణువు ఒకటే. రెండు పేటెంట్ల కథలు ఎంత తేడా!

మన దగ్గర

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అనే వాళ్లకు హైదరాబాద్ చరిత్ర గుర్తు చేయాలి. 1970 నాటి మన పేటెంట్ చట్టం మందులకు ప్రొడక్ట్ పేటెంట్ ఇవ్వలేదు, ప్రాసెస్‌కు మాత్రమే ఇచ్చింది. అదీ ముద్ర పడ్డప్పటి నుంచి ఐదేళ్లు, లేదా పేటెంట్ తేదీ నుంచి ఏడేళ్లు, ఏది ముందైతే అది. వేరే దారిలో అదే మందు చేయగలిగిన కెమిస్టుకు తిరుగు లేదు. జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు వైపు బల్క్ డ్రగ్ యూనిట్లు లేచింది ఆ వెసులుబాటు మీదే. 2005 నుంచి ప్రొడక్ట్ పేటెంట్లు వచ్చాయి. మూడో సెక్షన్‌లోని డి క్లాజు వివరణలో ఎస్టర్ పేరు పెట్టి మరీ చెప్పారు: తెలిసిన పదార్థానికి ఎస్టర్ చేసినంత మాత్రాన కొత్తది కాదు, గుణంలో గణనీయమైన తేడా చూపాలి. ఎస్టర్ అణువు మీద పేటెంట్ కష్టమైంది కాబట్టి ఎస్టర్ చేసే పద్ధతి మీద పేటెంట్లు ఇంకా ముఖ్యమయ్యాయి.

మన చట్టంలో టాక్సాల్ లాంటి పరిస్థితికి వేరే తలుపులున్నాయి. దరఖాస్తుదారుకు తెలిసిన అత్యుత్తమ పద్ధతి చెప్పాలని పదో సెక్షన్ అంటుంది. చెప్పకపోతే 64వ సెక్షన్‌లోని హెచ్ క్లాజు కింద పేటెంట్ రద్దు కోరవచ్చు. తప్పుడు మాట చెప్పి తెచ్చుకున్నారని జె క్లాజు కింద కూడా కోరవచ్చు. అమెరికాలో అత్యుత్తమ పద్ధతి చెప్పలేదన్న కారణంతో పేటెంట్ కొట్టేయడం 2011 సవరణతో పోయింది. మన దగ్గర ఇంకా ఉంది. నా అనుభవంలో మన వకీళ్లు ఈ రెండు క్లాజులూ పిటిషన్‌లో రాస్తారు గానీ వాటి వెంట పడరు. ఎదుటివాళ్ల ల్యాబ్ నోట్‌బుక్ బయటికి లాగడం ఇక్కడ అంత సులువు కాదు మరి.

ఎస్టర్‌కు అన్నలాంటి ఎమైడ్ మీద హైదరాబాద్ కంపెనీ నాట్కో ఎదుర్కొన్న కేసు ఈ విషయాన్ని వేరే కోణంలో చూపిస్తుంది. క్లోరాంట్రానిలిప్రోల్ అనే పురుగుమందు మన రైతులకు కొరాజెన్ పేరుతో పరిచయం. అందులో కార్బాక్సిలిక్ ఆమ్లం ఆల్కహాల్‌తో కాక ఎమైన్‌తో కలుస్తుంది. ఆమ్లాన్ని ముందు చురుకు చేయాల్సిందే, ఎస్టర్‌లో లాగే. 2022 ఆగస్టులో ప్రొడక్ట్ పేటెంట్ గడువు తీరింది. ఎఫ్‌ఎంసీ కంపెనీ చేతిలో ప్రాసెస్ పేటెంట్ మిగిలింది. ఆ క్లెయిమ్‌లో ఆమ్లాన్ని చురుకు చేసేది సల్ఫోనైల్ క్లోరైడ్. నాట్కో వాడింది థయోనైల్ క్లోరైడ్. రీఏజెంట్ పేరు మారింది గానీ పని ఒకటే, కాబట్టి ఉల్లంఘనే అన్నది ఎఫ్‌ఎంసీ వాదన. ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి సెప్టెంబరులో, డివిజన్ బెంచ్ డిసెంబరులో మధ్యంతర నిషేధం ఇవ్వడానికి ఒప్పుకోలేదు. క్లెయిమ్‌లో సల్ఫోనైల్ క్లోరైడ్ కీలకమైన భాగం. దాన్ని మార్చినవాడు అదే పద్ధతి వాడినట్టు కాదు.

కెమిస్టుగా నాకు ఆ తీర్పు సబబుగానే తోచింది. థయోనైల్ క్లోరైడ్ వేస్తే ఆమ్లం కాస్తా ఆసిడ్ క్లోరైడ్ అవుతుంది, సల్ఫర్ డయాక్సైడ్, హైడ్రోజన్ క్లోరైడ్ పొగలు లేస్తాయి, పొగలు కడిగే స్క్రబ్బర్ పక్కన నిలబడ్డవాడి కళ్లు మండుతాయి. సల్ఫోనైల్ క్లోరైడ్ దారి అది కాదు. అక్కడ మధ్యలో పుట్టేది మిశ్రమ అన్‌హైడ్రైడ్. రోన్-పూలెంక్ వాళ్లు అన్నీ తమవే అని చెప్పి పోగొట్టుకుంటే, ఎఫ్‌ఎంసీ చేతిలోని క్లెయిమ్ ఒక్కదాన్నే పేరు పెట్టి పట్టుకుంది.

మా ఫైలు

ఇక నా సొంత కథ. కొన్నేళ్ల కిందట సంగారెడ్డి రోడ్డు మీదున్న ఒక మధ్యతరహా కంపెనీ ఒక ఎస్టర్ ఇంటర్మీడియట్ పద్ధతితో వచ్చింది. పనిచేసింది ఒక కుర్ర కెమిస్టు. ఆ అమ్మాయి నోట్‌బుక్‌లో పదకొండు ట్రయల్స్ ఉన్నాయి. ఏడు బాగా వచ్చాయి. నాలుగింటి పక్కన ఎర్ర ఇంకుతో ‘నో రియాక్షన్’ అని ఉంది. ఏడూ సిలైల్ రకం ప్రొటెక్టింగ్ గ్రూపులు. పోయిన నాలుగింటిలో మూడు కార్బొనేట్ రకం. నేను ఆ నాలుగూ పట్టికలో వేద్దామన్నాను. వాళ్ల ఎండీ ‘మన తప్పులు మనమే అచ్చేయించుకోవాలా సార్?’ అన్నాడు. పైన చెప్పిన కథంతా చెప్పాను. అయిష్టంగానే ఊ అన్నాడు.

చెన్నై పేటెంట్ ఆఫీసు ఎగ్జామినర్ ఆ పట్టికనే చూపించి, అయితే సిలైల్ గ్రూపులకే పరిమితం చేసుకోండి అన్నారు. చేసుకున్నాం. పేటెంట్ వచ్చింది, ఇరుకుగా. రెండేళ్లు తిరక్కుండానే ఇంకో కంపెనీ అదే ఎస్టర్‌ను కార్బొనేట్ గ్రూప్‌తో చేసి అమ్మడం మొదలుపెట్టింది. మేం పనిచేయదని రాసిన గ్రూపే. వాళ్లకు ఎలా పనిచేసిందో మాకు తెలియదు. మా క్లెయిమ్‌లో అది లేదు కాబట్టి నోటీసు కూడా ఇవ్వలేం. ఎండీ ఫోన్ చేసి ‘మీ ఫ్రెంచ్ కథ విని నష్టపోయాం’ అని పెట్టేశాడు. ఆయన కోపంలో న్యాయం లేదని అనలేను.

ఆ అమ్మాయి ఇప్పుడు అక్కడ గ్రూప్ లీడర్. పోయిన నెల ఒక రాత్రి పదిన్నరకు వాట్సాప్‌లో ఫొటో పంపింది. టీఎల్‌సీ ప్లేటు (చర్య జరిగిందో లేదో చూసే పలక), యూవీ దీపం కింద. ‘సార్, నాలుగో ట్రయల్ మళ్లీ వేశాను. ఈసారి టోలీన్‌ను సోడియం మీద ఆరబెట్టి వాడాను. స్పాట్ కదిలింది.’ అప్పట్లో డ్రమ్ములోంచి తీసిన టోలీన్ నేరుగా వాడారట. తడి ఎంతుందో ఎవరూ చూడలేదు. పట్టికలో రాసింది ఆ రోజుకు నిజమే. దీని మీద కొత్త దరఖాస్తు వేయాలా, వేస్తే పాత పట్టిక గురించి అందులో ఏం రాయాలి అన్నది తేల్చుకోవడానికి వచ్చే మంగళవారం వాళ్ల ప్లాంటులో కూర్చుంటున్నాం. ఎండీ కూడా వస్తానన్నాడు.